అల్లుడు పలకరించిన రోజు

"సార్జెంట్, చారు ఇంకా పొగలు కక్కుతోంది. తొందరపడి నోట్లో పోసుకుంటే నాలిక కాలుతుంది," అన్నాడు లెవీ.

గుమ్మంలో పడుకున్న కుక్క చెవి కూడా కదపలేదు. ఆ మాట తనకి కాదని దానికి తెలుసు. ఫిలొమీన్‌కీ తెలుసు. గిన్నె మీదికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఆవిడ కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉంటుంది, అల్లుడి కుర్చీ తలుపు వైపు. మధ్యలో బల్ల.

కాసేపాగి ఆవిడ కిటికీతో చెబుతున్నట్టు అంది. "సార్జెంట్, నిన్నటి చేపలో ముళ్లు తీసిందెవరో గానీ, ఒక్కటంటే ఒక్కటి వదల్లేదు. వాళ్ల కడుపు చల్లగా ఉండాలి."

లెవీ గొంతు సవరించుకున్నాడు. సంతోషం కలిగితే అతను చేసేది అంతే. కుర్చీ వెనక్కి జరిగింది, బూట్లు చప్పుడు చేశాయి, తలుపు తెరుచుకుంది. కుక్క లేచి అతని వెంట పోయింది.

లోరెట్టా ఇంట్లో ఉన్నన్నాళ్లూ కుక్కకి ఈ ఉద్యోగం లేదు. "మీ అమ్మకి ఇంకో దుప్పటి కావాలేమో అడుగు", "మీ ఆయన దగ్గుతున్నాడు, దేవదారు ఆకు కాచి తాగమను" అంటూ అన్నీ లోరెట్టా మీదుగానే నడిచేవి. "ఈ ఇంట్లో నేను పెళ్లాన్నీ కాదు, కూతుర్నీ కాదు, టెలిఫోను తీగని," అని విసుక్కునేది. విసుక్కుంటూనే అటు మాట ఇటూ ఇటు మాట అటూ మోసేది. ఆ లోరెట్టాని ఆపరేషనుకని డులూత్ ఆస్పత్రికి తీసుకుపోయారు. కోసిన చోట చీము పట్టింది, ఇంకొన్ని వారాలు కదలకూడదన్నారు. తీగ తెగిపోయింది. మొదట్లో ఇంట్లో ఇద్దరూ నోరు విప్పకుండా గడిపారు. ఆ తర్వాత ఒక పొద్దున లెవీ కుక్కని పిలిచి, పొయ్యి పక్కన కట్టెలు పేర్చి ఉన్నాయని చెప్పాడు.

ఇందులో వింతేమీ లేదు. అల్లుడూ అత్తగారూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడకపోవడమే వాళ్లలో మర్యాద. ఫిలొమీన్ మొగుడు కూడా ఆవిడ తల్లి ముఖంలోకి ఏనాడూ తలెత్తి చూడలేదు. అత్తగారు ఎదురొస్తుంటే దారి దిగి, చెట్లవైపు తిరిగి నిలబడేవాడు. ఆవిడేమో శాలువా ముఖం మీదికి లాక్కుని దాటిపోయేది. చలికాలమంతా ఆవిడ గుడిసె ముందు వేటాడిన కుందేలు వేలాడుతూ ఉండేది, ఎవరు పెట్టారో ఎవరూ అడిగేవారు కాదు. తన ఆడమనిషిని కన్న తల్లి ముందు నోరు విప్పే మగవాణ్ణి చూస్తే, వీణ్ణి ఎవరు పెంచారని ఊరు అడిగేది. లెవీని బాగా పెంచారు.

చారు చల్లారింది. ఫిలొమీన్ గిన్నె రెండు చేతులా పట్టుకుని తాగింది. కళ్లలో పొరలు కమ్మి కొన్నేళ్లయింది. వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియదు. అయినా ఈ ఇంట్లో ఆవిడ చెయ్యి ఎప్పుడూ తడుముకోదు. గిన్నె పెట్టే చోటే గిన్నె ఉంటుంది, కర్ర ఆనించిన చోటే కర్ర ఉంటుంది. పొయ్యిలోకి కట్టెలు ఆవిడ మోచేతంత పొడుగు కొట్టి ఉంటాయి. అంతకు మించితే ఆవిడకి ఎత్తడం కష్టమని అతనికి ఎవరూ చెప్పలేదు.

*

సరస్సు నీళ్లలో వాటంతటవే పెరిగే వడ్లు కోసుకొచ్చి వేయించే రోజులవి. లెవీ ఇంటి వెనక ఇనప బానని నిప్పుల మీద వాలుగా పెట్టి, తెడ్డుతో కలుపుతున్నాడు. నాలుగడుగుల అవతల ఫిలొమీన్ అతనికి వీపు పెట్టి పీట మీద కూర్చుంది. ఒళ్లో బెరడు చేట. వేయించి తొక్కిన వడ్లు చేటలో పోసుకుని, గాలి ఏ చెంపకి తగులుతోందో చూసుకుని ఎగరేస్తోంది. పొట్టు గాలికి పోతుంది, గింజ బరువుగా చేటలోకి దిగుతుంది. ఆ చప్పుడు చాలు ఆవిడకి, కళ్లతో పని లేదు.

తెడ్డు చప్పుడు కొంచెం మందగించింది. మాడు వాసన ఇంకా రాలేదు, రాబోతోంది.

"సార్జెంట్, ఎవరో నిలబడి నిద్రపోతున్నారు," అంది ఫిలొమీన్.

తెడ్డు మళ్లీ గబగబా తిరిగింది. వెనకనుంచి నవ్వు ఆపుకున్న ఊపిరి వినిపించింది.

రోడ్డు మీద కారు ఆగింది. రెండు జతల అడుగులు. ఒకటి ఆవిడకి తెలిసినదే, చెల్లెలి కూతురు బెర్నడీన్‌ది. ముసలివాళ్ల బాగోగులు చూసే కౌంటీ ఆఫీసులో ఉద్యోగం వచ్చినప్పటినుంచీ ఎత్తు మడమల జోళ్లు వేసుకుంటోంది, కంకర మీద మేకలాగా నడుస్తుంది.

"ఏం బావా, మా అక్క లేదని స్నానం మానేశావా? వాసన రోడ్డుదాకా కొడుతోంది," అంది బెర్నడీన్ వస్తూనే.

"అది నువ్వు పోసుకొచ్చిన సెంటు మరదలా. మా ఈగలు కూడా పారిపోయాయి చూడు."

"ఈగలకైనా సిగ్గుంది, నీకు లేదు."

మరదలితో అట్లా మాట్లాడాలి. మాట్లాడకపోతే బావకి కోపం వచ్చిందేమోనని అనుకుంటారు. కానీ ఇవ్వాళ బెర్నడీన్ గొంతులో సరసం పైపైనే ఉంది. ఫిలొమీన్ చేట ఒళ్లో దించుకుంది.

"పెద్దమ్మా, ఈవిడ హాల్వర్సన్ గారు. మా ఆఫీసులో పెద్దావిడ. అక్క ఆస్పత్రిలో ఉంటే నిన్ను ఇక్కడ ఎవరు చూస్తున్నారని ఆస్పత్రివాళ్లు అడిగారట. చూసిపోదామని వచ్చారు."

"చూసేవాడు చూస్తూనే ఉన్నాడని చెప్పు."

హాల్వర్సన్ గొంతు మెత్తగా ఉంది. ఆవిడ దగ్గర పిప్పరమెంటు వాసన వస్తోంది. ఒక బక్కెట్టు బోర్లించుకుని కూర్చుంది, బట్టలు మాస్తాయని చూసుకోలేదు. ఇంట్లోకి వెళ్లి పొయ్యి, మంచం, నీళ్లు చూసొచ్చింది. శుభ్రంగా ఉందని మెచ్చుకుంది కూడా. ఆ తర్వాత లెవీతో ఇంగ్లీషులో మాట్లాడింది. బెర్నడీన్ పెద్దమ్మ చెవి దగ్గర వంగి, ఒక్కొక్క మాటే తమ భాషలోకి మార్చి చెప్పింది.

"మందు వేసుకున్నారో లేదో మీరు ఆవిణ్ణి అడుగుతారా అంటోంది. అడగనన్నాడు బావ. మరెట్లా తెలుస్తుందంటోంది. తెలుస్తుందన్నాడు. ఒంట్లో బాగాలేకపోతే ఆవిడ మీకెట్లా చెబుతారంటోంది. బావ..." బెర్నడీన్ ఆగింది. "బావ కుక్క అన్నాడు."

"నిజమే కదా," అంది ఫిలొమీన్.

"నిజమే పెద్దమ్మా. ఇంగ్లీషులో చెబితే అదేదో పిచ్చివాళ్ల ఇల్లులాగుంది."

తర్వాత బెర్నడీన్ చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడింది. చేతులు ఊపుతోందని గాజుల చప్పుడునిబట్టి తెలుస్తోంది. హాల్వర్సన్ మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్నాక ఏదో అడిగింది. బెర్నడీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏమిటే?"

"తను ప్రతి ఆదివారం వాళ్లమ్మకి ఫోన్ చేస్తుందట. పెట్టేసేముందు నువ్వంటే నాకు ప్రేమ అని చెబుతుందట. మీ భాషలో ఆ మాట లేదా అని అడిగింది."

"ఏం చెప్పావు?"

"నిక్షేపంలాగా ఉందన్నాను. పిల్లలకి చెబుతాం, మనవలకి చెబుతాం, మొగుడికి చెబుతాం, మొగుడు దానికి తగ్గట్టు ఉంటే. అల్లుడు అత్తగారికి చెబితే మాత్రం ఆ అల్లుడు ఊరొదిలి పోవాలన్నాను."

హాల్వర్సన్ నవ్వలేదు. లేచి వచ్చి ఫిలొమీన్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, చేతి మీద చెయ్యి వేసి నెమ్మదిగా చెప్పింది. బెర్నడీన్ అంతకన్నా నెమ్మదిగా మార్చింది. గురువారం మళ్లీ వస్తుంది. తన ఎదుట అల్లుడు ఆవిణ్ణి ఒక్కసారి పలకరించాలి, ఆవిడ జవాబు చెప్పాలి. అంతే చాలు. అవసరానికి ఒకరితో ఒకరు మాట్లాడుకోగలరని తన కళ్లతో చూస్తే సంతకం పెట్టి వెళ్లిపోతుంది. లేకపోతే కూతురు తిరిగొచ్చేదాకా ఆవిణ్ణి పట్నంలో వృద్ధుల ఆశ్రమంలో ఉంచక తప్పదు. చూపులేని మనిషి నేల మీద పడితే లేపడానికి కూడా తాకని మనిషి దగ్గర వదిలేసి వెళితే తనకి నిద్ర పట్టదు.

ఆ ఆశ్రమం ఫిలొమీన్‌కి తెలుసు. ఒక్క చలికాలం ఉండొస్తానని వెళ్లిన వాళ్ల ఊరి జోసెట్‌ని మంచు కరిగాక శవపెట్టెలో తెచ్చారు. అక్కడ వాళ్ల భాష తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. జోసెట్ చివరి నెలల్లో ఏమందో, ఏమడిగిందో ఎవరికీ తెలియదు.

కారు వెళ్లిపోయింది. బానలో వడ్లు మాడిపోయాయి. లెవీ వాటిని నేల మీద గుమ్మరించిన చప్పుడు వినిపించింది. అతను ఒక్క గింజైనా మాడబెట్టగా ఆవిడెప్పుడూ వినలేదు.

*

మర్నాడు బెర్నడీన్ ఒక్కతే వచ్చింది, జోళ్లు చేత్తో పట్టుకుని.

"అక్కతో ఫోన్లో మాట్లాడాను. ఏడ్చింది, తర్వాత తిట్టింది. ఇద్దరికీ చెప్పమంది. 'అమ్మతో చెప్పు, మర్యాద తగలెయ్యమని. ఆయనతో చెప్పు, నోరు కుట్టుకుని కూర్చుంటే నేనొచ్చి విప్పుతానని.' మధ్యలో నర్సు వచ్చి ఫోన్ లాక్కుంది."

"నొప్పి ఎట్లా ఉందట?"

"నీ సంగతి చూసుకో పెద్దమ్మా ముందు. బావా, ఇట్రా. ఇద్దరూ నా ముందు ఒకసారి చేసి చూపించండి."

లెవీ గుమ్మం దగ్గరికి వచ్చి ఆగాడు. బెర్నడీన్ మధ్యలో నిలబడింది. "ఊఁ, కానీ. 'అత్తయ్యా, ఎట్లా ఉన్నారు?' మూడు ముక్కలు. నువ్వు కొరియా యుద్ధానికి వెళ్లొచ్చావు, ఇదేమంత గొప్ప?"

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. ఫిలొమీన్ వేళ్లు శాలువా అంచుని నలుపుతున్నాయి. తలుపు దగ్గర అతని ఊపిరి బరువుగా వినిపిస్తోంది, ఏదో మోస్తున్నవాడిలాగా.

"మరదలా," అన్నాడు చివరికి. "మీ పెద్దమ్మతో చెప్పు, నాకు సిగ్గుగా ఉందని."

"నాతో కాదు బావా. ఆవిడతో."

"అదే నాకు సిగ్గు."

"నీకా సిగ్గు? నిరుడు డ్యాన్సులో ప్యాంటు చిరిగినా దిగకుండా ఎగిరినవాడివి."

లెవీ బయటికి వెళ్లిపోయాడు. బెర్నడీన్ పీట లాక్కుని పెద్దమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. ఆ పిల్ల చేతులు చల్లగా ఉన్నాయి. "నేను ఆఫీసులో ఎన్ని చెప్పినా, మీవాళ్లు కాబట్టి వెనకేసుకొస్తున్నావంటారు. నువ్వైనా సాయం చెయ్యి. అతను అడగ్గానే 'బాగున్నాను' అను. ముఖం అటే పెట్టుకో, పరవాలేదు. మాట వినపడితే చాలు."

"అంటాను," అంది ఫిలొమీన్. "అనకపోతే ఎక్కడికి పోతానో నాకు తెలుసు కదా."

ఆ సాయంత్రం ఆవిడ దొడ్డివైపు వెళ్లి తిరిగొస్తుంటే కట్టెల కుప్ప అవతలినుంచి గొంతు వినిపించింది. లెవీది. అక్కడ వేరే ఎవరూ లేరు, కుక్క ఆవిడ కాళ్ల దగ్గరే ఉంది.

"అత్తయ్యా," అన్నాడతను. ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. "అత్తయ్యా, ఒంట్లో ఎట్లా ఉంది?" మళ్లీ ఆగాడు. ఈసారి ఇంకా చిన్నగా, "అత్తయ్యా."

ఫిలొమీన్ కర్ర నేలకి తగలకుండా ఎత్తి పట్టుకుంది. బట్టలు మార్చుకుంటున్న మనిషి గదిలోకి పొరపాటున అడుగు పెట్టినట్టయింది ఆవిడకి. చప్పుడు కాకుండా చుట్టు తిరిగి, తడి గడ్డిలోంచి నడిచి ఇంట్లోకి వెళ్లింది. కుర్చీలో కూర్చుని పెదవులు కదిపింది. బాగున్నాను. బాగున్నాను, లెవీ. ఆ పేరు ఆవిడ నోట్లో ఎప్పుడూ పలకలేదు. పక్కవాళ్ల ఇంట్లోంచి ఎత్తుకొచ్చిన వస్తువులాగా అనిపించి, పెదవులు మూసేసింది.

*

గురువారం పొద్దున ఇంట్లో సబ్బు వాసన. ఇస్త్రీ పెట్టె వాసన. లెవీ చావులకీ పెళ్లిళ్లకీ వేసుకునే చొక్కా తీశాడు. నడుస్తుంటే గంజి చొక్కా కాగితంలాగా చప్పుడు చేస్తోంది. ఫిలొమీన్ తల దువ్వుకుని, జడ తాజాగా అల్లుకుని, పూసల పిన్ను గుచ్చిన శాలువా కప్పుకుంది.

హాల్వర్సన్ వచ్చి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోమంది. ఫిలొమీన్ కుర్చీని తనే పట్టుకుని కిటికీ వైపునుంచి ఇటు తిప్పింది. ఆ ఇంట్లో ఆ కుర్చీ అట్లా తిరగడం అదే మొదలు. వెలుతురు వెనక్కి పోయింది. ఎదురుగా ఒక పెద్ద నీడ, బల్లకి అవతల.

"తొందరేమీ లేదంటోంది," అంది బెర్నడీన్. "ఏం అడగాలనిపిస్తే అదే అడగమంటోంది బావా."

నీడ కదల్లేదు.

"అత్తయ్యా," అన్నాడు లెవీ.

ఆ పిలుపు సూటిగా వచ్చి ఆవిడ ముఖానికి తగిలింది. కుక్క మీదుగా రాలేదు, కూతురి మీదుగా రాలేదు.

"అత్తయ్యా, మీకు... మీకు నేనేమైనా తక్కువ చేశానా?"

అతను కట్టెల కుప్ప దగ్గర వల్లించుకున్న మాట అది కాదు. ఎంత కష్టపడి తెచ్చాడో ఆవిడకి తెలుసు. బాగున్నానని కాదు, దానికి ఇంకేదో చెప్పాలి, వెంటనే చెప్పాలి అనుకుంది. అనుకుంటుండగానే చెయ్యి లేచింది. కంట్లో నలుసు పడబోతే రెప్ప మూసుకున్నట్టు, అడక్కుండానే లేచింది. శాలువా నెత్తిమీదినుంచి ముఖం మీదికి వచ్చేసింది. ఒళ్లు దానంతటదే గోడవైపు తిరిగిపోయింది. తల్లి తిరిగినట్టు, తల్లి తల్లి తిరిగినట్టు. శాలువా లోపల చీకట్లో తన ఊపిరి తనకే వేడిగా తగిలింది.

కలం కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు వచ్చింది.

హాల్వర్సన్ ఏదో అడిగింది, చాలా చిన్న గొంతుతో. బెర్నడీన్ దాన్ని తమ భాషలోకి మార్చలేదు. మార్చక్కర్లేదు కూడా. భయం అనే ఇంగ్లీషు మాట ఫిలొమీన్‌కి తెలుసు. చిన్నప్పుడు బడిలో సిస్టర్ల దగ్గర మొట్టమొదట నేర్చుకున్న మాటల్లో అదొకటి. ఆవిడకి ఇతనంటే ఎన్నాళ్లనుంచి భయం, అని అడుగుతోంది.

ఆవిడ శాలువా లాగేసింది. పిన్ను ఊడి నేల మీద ఎక్కడో మోగింది. "నో," అంది ఇంగ్లీషులో. "నో, నో. ఫియర్ నో." ఎంతో కాలంగా వాడని మాటలు, తుప్పు పట్టిన తలుపులాగా వచ్చాయి. "గుడ్ మ్యాన్."

హాల్వర్సన్ వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. సరే, సరే అంటోంది. ఏడుస్తున్న పిల్లని ఊరుకోబెట్టే గొంతు. అతను గదిలో ఉన్నాడు కాబట్టి ఈవిడ ఇట్లా అంటోందని ఆ చేతులు అనుకుంటున్నాయి. ఎంత గట్టిగా కాదంటే అంత మెత్తగా నిమురుతున్నాయి.

"చెప్పవే," అంది ఫిలొమీన్ బెర్నడీన్‌తో. "చెప్పు."

"చెబుతూనే ఉన్నాను పెద్దమ్మా," అంది బెర్నడీన్. "ఇది గౌరవం అని నేనంటే తనూ ఇంతసేపు అదే అనుకుందట, కానీ నువ్వు భయపడ్డం ఇప్పుడు కళ్లారా చూశానంటోంది. సోమవారం కారు తెస్తుందట. అక్క వచ్చేదాకానే అంటోంది."

గంజి చొక్కా చప్పుడు లేచింది. లెవీ ఎవరికీ ఏమీ చెప్పకుండా బయటికి నడిచాడు. కాసేపటికి గొడ్డలి చప్పుడు మొదలైంది. చీకటి పడేదాకా ఆగలేదు.

*

ఆ తర్వాత అతను కుక్కతో మాట్లాడ్డం మానేశాడు.

వేళకి చారు వచ్చేది. చేప ముళ్లు తీసి వచ్చేది. చారు వేడిగా ఉన్నప్పుడు గిన్నె కింద గుడ్డ మడత పెట్టి ఉండేది, అంతే. ఫిలొమీన్ గ్రహించింది. పుట్టినప్పటినుంచీ కాపాడుకొచ్చిన మర్యాదని పరాయి మనిషి ఎదుట తన చేత్తో తనే పగలగొట్టుకున్నాడు, అదీ ఆవిడ కోసం. ఆవిడ ముఖం కప్పుకుంది. తప్పు చేసిన కుర్రాడి ఎదుట కప్పుకున్నట్టు కప్పుకుంది. ఇప్పుడు అతనికి ఏ గొంతుతో మాట్లాడాలో తెలియడం లేదు.

"సార్జెంట్," అంది ఆవిడ శనివారం మధ్యాహ్నం. "మనుషులకి చేతులు మాట వినవు ఒక్కోసారి. అది కోపం కాదు."

పొయ్యి దగ్గర కూర్చుని కత్తి నూరుతున్న చప్పుడు ఆగింది. ఆవిడ చెవులు రిక్కించింది. కత్తి మళ్లీ రాయి మీద నడిచింది.

"సార్జెంట్, తక్కువ చేశానా అని అడిగినవాళ్లకి జవాబు ఉంది. నా దగ్గరే ఉంది."

ఈసారి అతను లేచి వెళ్లిపోయాడు. చెప్పాలంటే అట్లా కుక్క చాటున చెప్పకూడదని ఆవిడకీ అనిపించింది. అతను చాటు లేకుండా అడిగాడు. దానికి జవాబు కూడా చాటు లేకుండానే ఉండాలి. ఆదివారమంతా ఆవిడ ఆ మాటని నోట్లో పెట్టుకుని తిరిగింది. బల్ల దగ్గర అతను కూర్చున్నప్పుడల్లా చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, మళ్లీ లేవకుండా. చేతులు ఆగాయి గానీ నోరు తెరుచుకోలేదు. అతను తిని, గిన్నె కడిగి, బయటికి వెళ్లేవాడు.

ఆదివారం సాయంత్రం బల్ల మీద సంచి ఒకటి నోరు తెరిచి పెట్టి ఉంది. అత్తగారి బట్టలు అల్లుడు ముట్టుకోడు కాబట్టి ఆవిడే సర్దుకోవాలి. గౌన్లు, మేజోళ్లు, జపమాల పెట్టుకుంది. అడుగున అప్పటికే ఒక మూట ఉంది. చెయ్యి పెట్టి చూసింది. కొత్త వడ్ల బియ్యం. గింజలు వేళ్ల మధ్య పొడుగ్గా, నున్నగా, ఒక్క నూక లేకుండా ఉన్నాయి. ఆశ్రమంలో ఎవరు వండి పెడతారని అతను అనుకున్నాడో తెలియదు.

*

సోమవారానికి వాన పడి దారి బురదైపోయింది. కారు ఇంటిదాకా రాలేక రోడ్డు మీదే ఆగింది. బెర్నడీన్ వచ్చి సంచి తీసుకుంది. హాల్వర్సన్ ఆవిడ మోచెయ్యి పట్టుకోబోయింది.

"ఉండండి," అంది బెర్నడీన్ ఇంగ్లీషులో. తర్వాత తమ భాషలో, "పెద్దమ్మా, గుమ్మం పక్కన చెయ్యి పెట్టి చూడు."

ఫిలొమీన్ చెయ్యి చాచింది. కొత్త తాడు. గుమ్మానికి ఒక కొస గట్టిగా ముడి వేసి ఉంది. నడుము ఎత్తులో బిగుతుగా సాగి ముందుకి పోతోంది.

"రోడ్డు దాకా కట్టాడు. ఎవరూ పట్టుకోకుండా నీ అంతట నువ్వు నడుస్తావని."

ఆవిడ కర్ర ఎడమచేతికి మార్చుకుని, కుడిచెయ్యి తాడు మీద వేసింది. నడిచింది. బురదలో అక్కడక్కడా పలకలు వేసి ఉన్నాయి, ఆవిడ అడుగు పడే చోటే. వెనక హాల్వర్సన్ కాళ్లు బురదలో దిగబడుతున్న చప్పుడు. కొంత దూరం వెళ్లాక తాడు ఒక మేపుల్ చెట్టుని చుట్టుకుని మళ్లీ ముందుకి పోయింది. అక్కడినుంచి దాని బిగువు వేరుగా ఉంది. గుమ్మం వైపు తాడు కర్రలాగా బిర్రుగా ఉండింది. ఇది కొంచెం కొంచెం కదులుతోంది. ఆవిడ బరువు వేస్తే కాస్త సాగి, మళ్లీ మెల్లగా వెనక్కి లాగుతోంది. ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఉంది.

రోడ్డు పక్కన చెట్లన్నీ కౌంటీవాళ్లు నిరుడే కొట్టేశారు. అక్కడ తాడు కట్టడానికి ఏమీ లేదు.

ఆవిడకి అర్థమైంది. నడక తగ్గించింది. ప్రతి అడుగుకీ అరచేతిలో అతని బలం తెలుస్తోంది. అతను కాళ్లు బురదలో ఊనుకుని నిలబడ్డాడు. ఆవిడ తూలితే లాగి నిలబెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. అన్నేళ్లలో ఇద్దరూ ఒకే వస్తువుని ఒకేసారి పట్టుకోవడం ఎప్పుడూ జరగలేదు.

వెలుతురులో నీడ కనిపించింది. ఇంకొక్క రెండడుగులు. ఆవిడ ఆగింది. కర్ర బెర్నడీన్‌కి ఇచ్చేసి, ఆ చెయ్యి కూడా తాడు మీదే వేసి బిగించి పట్టుకుంది. రెండు చేతులూ అక్కడే ఉన్నాయి, లేవడానికి వీల్లేదు. శాలువా భుజాల మీదే ఉంది. ముఖం మీద వాన తుంపర పడుతోంది.

"లెవీ," అంది.

తాడు ఒక్కసారి అదిరింది.

"నువ్వు నాకేం తక్కువ చెయ్యలేదు. నువ్వంటే నాకు ప్రాణం, లెవీ."

తమ భాషలో ఆ మాట ఆవిడ పిల్లలకి చెప్పింది, మొగుడు పోయేముందు అతని చెవిలో చెప్పింది. ఇంత పైకి ఎప్పుడూ అనలేదు. వెనకనుంచి హాల్వర్సన్ అడిగింది, ఆవిడ ఏమంటోందని. బెర్నడీన్ జవాబు చెప్పలేదు.

తాడు వదులైపోయింది. అవతలి కొస బురదలో పడిన చప్పుడు వినిపించింది.

"అయ్యో, చూడండి, వదిలేశాడు," అంది హాల్వర్సన్. ఆ ఇంగ్లీషు కూడా ఫిలొమీన్‌కి తెలిసింది. కాగితాల సంచి తెరుచుకున్న చప్పుడు కూడా వినిపించింది.

ఆవిడ కదల్లేదు. ఎదురుగా ఉన్న నీడ పక్కకి తిరిగి, సన్నబడి, తల దగ్గర లావైంది. రెండు మోచేతులూ పైకి లేచి ఉన్నాయి. అంత పెద్ద మనిషి అరచేతుల్లో ముఖం దాచుకుని, నరికేసిన చెట్ల మొదళ్లవైపు తిరిగి నిలబడ్డాడు. అతని చేతులు కూడా అతని మాట వినలేదు.

"పదండి పెద్దమ్మా, తడుస్తున్నారు," అంది బెర్నడీన్. ఎప్పుడూ నువ్వు అనే పిల్ల.

"ఒక్క నిమిషం ఆగమను," అంది ఫిలొమీన్. జీవం పోయిన తాడుని ఇంకా రెండు చేతులా పట్టుకుని, అతను ముఖం మీదినుంచి చేతులు తీసేదాకా అతనికి వీపు పెట్టి కారువైపు తిరిగి నిలబడింది.